పార్కు గేటుకు తుప్పు ఎక్కడ మొదలవుతుంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత పార్కుల అలంకార ఇనుప గేట్ల గురించే. ఒకే విషయం అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: లండన్‌లో ఆల్బర్ట్ మెమోరియల్‌కు దగ్గర్లో, కెన్సింగ్టన్ గార్డెన్స్, హైడ్ పార్కు కలిసేచోట పెద్ద గేట్లున్నాయి. వాటిని చూపించి ఒకరు చేత ఇనుమన్నారు, ఇంకొకరు పోత ఇనుమన్నారు. చూసి గుర్తుపట్టడం ఎలా? (లండన్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అవి కోల్‌బ్రూక్‌డేల్ కంపెనీవారు లండన్‌లో జరిగిన 1851 మహా ప్రదర్శన కోసం తయారుచేసిన గేట్లు. పోత ఇనుమే. కరిగించి అచ్చుల్లో పోసినవి, కొలిమిలో కాచి సుత్తితో సాగదీసినవి కావు.

గుర్తుపట్టడానికి ముందు ఒకే నగిషీ రెండుచోట్ల ఉన్నచోటు చూడండి. రెండు ఆకులూ గీతతో గీత సరిపోతూ, ఒకదాని మీదున్న చిన్న బొడిపె రెండోదాని మీద కూడా అక్కడే ఉంటే అది పోత. చేత ఇనుములో ఎంత నేర్పరి కమ్మరైనా రెండు చుట్టలు అచ్చం ఒకేలా రావు. తర్వాత అతుకులు చూడండి. చేత పనిలో ఊచ అడ్డపట్టీలోంచి దూరి రివెట్ అయి ఉంటుంది, రెండు కమ్ములు కలిసేచోట చిన్న ఇనుప పట్టీ చుట్టి బిగించి ఉంటుంది, చుట్ట చివర క్రమంగా సన్నబడుతుంది. పోత పనిలో ఈ అతుకులుండవు. ఉన్నట్టు కనిపించినా అవి అచ్చులో వచ్చిన బొమ్మలే. ఆకు వెనక వేలు పెట్టి చూడండి: పలచని రేకు, సుత్తి దెబ్బల గుంటలు తగిలితే చేత పని. మందంగా, గరుగ్గా ఉంటే పోత.

మూడో రకం ఈమధ్య కాలపు మైల్డ్ స్టీల్ గేటు. కమ్మి మొదట్నించి చివరిదాకా ఒకే మందం, చుట్ట చివర రంపంతో కోసినట్టు మొద్దుగా, కలిసినచోటల్లా వెల్డింగ్ ముద్ద. దీన్ని కూడా ‘రాట్ ఐరన్’ (అంటే చేత ఇనుము) అని అమ్మేస్తున్నారు, ఇండియాలోనూ బయటా. అయస్కాంతం పెట్టి చూడకండి, మూడింటికీ అంటుకుంటుంది.

లోపలి తేడా ఇది. పోత ఇనుములో కర్బనం 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. అందుకే తేలిగ్గా కరుగుతుంది, దెబ్బ తగిలితే పగులుతుంది. చేత ఇనుములో కర్బనం 0.1 శాతం కూడా ఉండదు, కానీ 1 నుంచి 3 శాతం చిట్టెం (ఇనుము తయారీలో మిగిలే గాజులాంటి మడ్డి) సన్నని పోగులుగా లోపల పరుచుకుని ఉంటుంది. విరిచి చూస్తే నమిలిన వేపపుల్లలా పీచు పీచుగా ఊడొస్తుంది. పోత ఇనుము విరిగినచోట బూడిదరంగు పలుకులు కనిపిస్తాయి.

ఒక గేటంతా ఒకే లోహమనుకోవద్దు. చట్రం, ఊచలు చేత ఇనుమై, పైనున్న బల్లెపు మొనలు, పూలగుత్తులు పోతవై ఉండటం 19వ శతాబ్దంలో మామూలే. బాగుచేయించేముందు ముక్కముక్కకీ ఇది తేల్చుకోవాలి, ఎందుకంటే ఒకదానికి చేసే మరమ్మతు రెండోదాన్ని పాడుచేస్తుంది.

ప్రశ్న: మా ఊళ్ళో స్తానిస్లాస్ కూడలి గేట్లకు బంగారు ఆకులున్నాయి. ఇలాంటి పాత గేట్లలో ఆకు మొదట్లోంచి ఎర్రటి చారలు ఎందుకు కారుతాయి? రంగు పైన బాగానే ఉంటుంది కదా? (నాన్సీ, ఫ్రాన్స్ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: మీరు ఉంటున్నది ఇనుప పని నేర్చుకోవడానికి వెళ్ళాల్సిన ఊరు. ఆ గేట్లు 1750ల్లో జాన్ లమూర్ అనే కమ్మరి చేసినవి. ఆంఫిట్రైట్ ఫౌంటెన్ పక్కనుంచి పెపినియేర్ పార్కులోకి వెళ్ళే దారిలో నిలబడి పైకి చూస్తే, సన్న రేకును సుత్తితో కొట్టి ఈనెలు తేల్చి, వంచి, కాడకు రివెట్ చేసిన ఆకులు కనిపిస్తాయి.

ఇలాంటి ఆకు ఒకటి లేదా రెండు మిల్లీమీటర్ల రేకు. అది కాడను కౌగిలించుకున్నచోట ఒక చిన్న దొన్నె ఏర్పడుతుంది. వాన నీళ్ళు, ఆకుచెత్త, పిట్టల రెట్ట అందులో చేరతాయి. రంగు బ్రష్ అక్కడిదాకా పోదు. పైనంతా ఎండిపోయినా రేకుకూ కాడకూ మధ్య సందు రోజుల తరబడి తడిగానే ఉంటుంది. తుప్పు పుట్టేది అక్కడ. తుప్పు తను తిన్న ఇనుముకన్నా ఆరేడు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అలా ఉబ్బి ఆకును కాడనుంచి తోసేస్తుంది, రివెట్ తల తెగిపోతుంది. చుట్టిన పట్టీలు చీలిపోయేదీ, రెండు పట్టీలు ఆనినచోట వంపు వచ్చేదీ ఇందువల్లే. అప్పుడు కనిపించే ఎర్రచార లోపల జరుగుతున్నదానికి ఆనవాలు మాత్రమే. దాని మీద రంగు పూస్తే ఆనవాలు పోతుంది, తుప్పు పోదు.

పెద్ద వాన వెలిసిన మర్నాడు, ఎండ వచ్చాక గేటు చుట్టూ తిరిగి ఇంకా తడిగా ఉన్న చోట్లన్నీ ఫొటో తీయండి. తుప్పు ఎక్కడెక్కడ పడుతుందో చూపే పటం అంతకన్నా మంచిది దొరకదు. ఆ సందుల్లో చెత్త వెదురుపుల్లతో తీసి, మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, పలచని ప్రైమర్ సందులోకి దిగేలా పూయాలి. తర్వాత రంగు పట్టే సాగే సీలెంట్‌తో పైఅంచు మాత్రమే మూసి, నీళ్ళు జారేలా ఏటవాలు చేయాలి. కింది అంచు వదిలేయాలి. రెండువైపులా మూసేస్తే లోపలికి ఎలాగో చేరిన తేమకు బయటికి దారుండదు. ఈ పని చేయించినవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

నీళ్ళు నిలవని గేటు చూడాలంటే సెయింట్ పీటర్స్‌బర్గ్ సమ్మర్ గార్డెన్‌కు నెవా నది వైపున్న కంచె చూడండి. వాస్తుశిల్పి ఫెల్టెన్ ఆధ్వర్యంలో 1771–1784 మధ్య కట్టింది, 36 గ్రానైట్ స్తంభాలు, మధ్యలో రష్యాలోని తూలా ఊరి కమ్మరులు చేసిన నిట్టనిలువు ఊచలు, అక్కడక్కడ బంగారు పూలు. అందంలో లమూర్ పనికి సాటిరాదనేవాళ్ళు ఉంటారు గానీ, నిర్వహణ చూసుకునేవాళ్ళు దీన్నే కోరుకుంటారు.

ప్రశ్న: మా పురపాలక పార్కు పాత గేటు రెక్క నేలకు రాసుకుంటోంది. కింద చక్రం వెల్డ్ చేస్తే సరిపోతుందని వెల్డింగ్ షాపాయన అంటున్నారు. చేయించమంటారా? (కోస్తా ఆంధ్ర నుంచి పార్కు కమిటీ సభ్యులు)

జవాబు: వద్దండి. ముందు గేటు ఎందుకు దిగిందో తెలుసుకోండి.

పాత బరువు గేట్లు చాలావరకు మడతబందుల మీద వేలాడవు. వెనక నిలువు కమ్మి అడుగున ఒక మొన ఉంటుంది. అది నేలలోని రాతిలో బిగించిన కప్పులో కూర్చుని తిరుగుతుంది. బరువంతా దాని మీదే. పైనున్న కంఠం, అంటే కమ్మిని చుట్టి స్తంభానికి బిగించిన ఇనుప పట్టీ, రెక్క ముందుకు వాలకుండా పట్టుకోవడానికి.

ఆ బరువెంతో లెక్క చూడండి. 3 మీటర్ల ఎత్తు, 2 మీటర్ల వెడల్పు రెక్క. 25 మిల్లీమీటర్ల చదరపు ఊచ మీటరుకు సుమారు 4.8 కిలోలు తూగుతుంది. అలాంటివి 15 ఊచలు ఉంటే 216 కిలోలు. వెనక కమ్మి 50 మిల్లీమీటర్లదైతే 58 కిలోలు, ముందుది 40 మిల్లీమీటర్లదైతే 37, మూడు అడ్డపట్టీలకు మరో 45. ఆకులూ చుట్టలూ కలుపుకుంటే రెక్క 400 కిలోలు దాటుతుంది. దాని భారకేంద్రం కమ్మికి మీటరు దూరంలో ఉంది కాబట్టి పై కంఠం దగ్గర స్తంభాన్ని సుమారు 130 కిలోల బలంతో గేటు వైపు లాగుతుంటుంది, రాత్రీ పగలూ.

కాబట్టి రెక్క దిగడానికి కారణాలు మూడే. స్తంభం వాలింది, పై కంఠం అరిగింది, లేదా కింది మొన, కప్పు అరిగాయి. స్తంభానికి తూకం గుండు వేలాడదీస్తే మొదటిది తెలుస్తుంది. గేటు కొసను ఒక మనిషి పైకి ఎత్తుతుంటే ఇంకొకరు కంఠం దగ్గర చూడాలి. కమ్మి కంఠంలో అటూ ఇటూ ఆడితే రెండోది. రెండూ కాకపోతే కప్పులో ఇసుక చేరి మొనను అరగదీసిందన్నమాట. పార్కు గేట్లలో మా అనుభవంలో ఎక్కువగా తగిలేది ఈ మూడోదే.

కప్పు బాగుచేయడం ఇలా. రెక్క కింద రెండుచోట్ల దుంగలు పెట్టి, వెనక కమ్మికి దగ్గర జాకీ ఆనించి బరువు దానిమీదికి తీసుకోండి. తర్వాతే పై కంఠం బోల్టులు విప్పాలి. క్రమం మారితే రెక్క మనిషి మీద పడుతుంది. కప్పులోని పాత గ్రీజు, ఇసుక తీసేసి కిరోసిన్‌తో కడగండి. మొన గుండ్రంగా అరిగిపోయి ఉంటే లేతులో కొత్త మొన చేయించి అమర్చాలి. కప్పు అడుగున గన్‌మెటల్ బిళ్ళ వేస్తే మళ్ళీ అరిగినప్పుడు ఆ బిళ్ళనే మార్చుకోవచ్చు. రాతిలో కప్పు పక్కనుంచి నీళ్ళు పోవడానికి సన్న బెజ్జం ఉందేమో చూడండి, మూసుకుపోయి ఉంటే తెరవండి. గ్రాఫైట్ గ్రీజు పెట్టి రెక్క దించండి. గ్రీజు వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి.

ఇక చక్రం. గేటు మొదటినుంచీ చక్రంతోనే చేసి, నేలలో అర్ధచంద్రాకారపు పట్టా ఉంటే అది వేరే సంగతి. తర్వాత తగిలించిన చక్రం నేల ఎగుడుదిగుళ్ళకు గేటు కొసను ఎత్తి కుదేస్తుంది. ఆ కుదుపు అడ్డపట్టీల అతుకులకు, పైనున్న కంఠానికి చేరుతుంది. పైగా నేరుగా చేత ఇనుముకు వెల్డ్ చేస్తున్నారు కదా, దాని గురించి కింద చెప్తున్నాం.

ప్రశ్న: విరిగిన చుట్టను వెల్డ్ చేయిస్తే ఆర్నెల్లకు పక్కనే మళ్ళీ ఊడింది. వెల్డర్ తప్పా, ఇనుము తప్పా?

జవాబు: ఎవరి తప్పూ కాకపోవచ్చు. చేత ఇనుము పొరలు పొరలుగా ఉంటుంది. మామూలు ఆర్క్ వెల్డింగ్ పైపొరకే అతుక్కుంటుంది. బరువు పడగానే అతుకు గట్టిగానే ఉంటుంది, దాని కిందిపొర చిట్టెం పోగు వెంబడి లేచిపోతుంది.

సరైన పద్ధతి కొలిమి అతుకు. రెండు చివరలూ కొట్టి లావు చేసి, ఏటవాలుగా సాగగొట్టి, దాదాపు 1300 డిగ్రీల దాకా, అంటే తెల్లగా మెరిసి నిప్పురవ్వలు లేచేదాకా కాచి దాగలి మీద కలిపి కొట్టడం. లోపలి చిట్టెమే కరిగి అతుకును శుభ్రం చేస్తుంది. చేత ఇనుము కమ్మరికి ఇష్టమైంది అందుకే. భాగాన్ని విప్పి తీయడం కుదరకపోతే ఆర్క్ వెల్డింగ్ చేయవచ్చు గానీ, కమ్మి మందమంతా రెండువైపులా V ఆకారంలో కోసి, తేమలేని లో–హైడ్రోజన్ రాడ్లతో, తక్కువ వేడితో పొరలుపొరలుగా నింపాలి. పైపైన ముద్ద పెట్టడం పనికిరాదు.

కొత్త ముక్క వేయాల్సివస్తే పాత చేత ఇనుమే వెతకండి. బ్రిటన్‌లో చేత ఇనుము తయారీ 1970ల్లో ఆగిపోయింది. ఇప్పుడు అక్కడ బాగుచేసేవాళ్ళు వాడేది పాత ఇనుమును కాచి మళ్ళీ రోల్ చేసినదే. మనదగ్గర పాత బంగళాల కిటికీ ఊచలు, పాడైపోయిన గేట్లు ఇనుపసామాన్ల కొట్లలో దొరుకుతాయి. చిన్న ముక్కకు గాటుపెట్టి వంచి విరిస్తే పీచు కనిపిస్తుంది, దాంతో తేలిపోతుంది. పోత మొనలు విరిగితే మాత్రం వెల్డింగ్ జోలికి పోకుండా, విరగనిదాన్ని చూసి మూస చేయించి కొత్తది పోయించుకోవడం మేలు. పోత ఇనుము చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది కాబట్టి మూస మీటరుకు 10 మిల్లీమీటర్ల వరకు పెద్దదిగా ఉండాలి.

ప్రశ్న: ఇరవై పూతల రంగు పేరుకుపోయి నగిషీ కనిపించడం లేదు. ఇసుక బ్లాస్టింగ్ చేయించి కొత్తగా వేయిద్దామా? నల్లరంగే వేయాలా?

జవాబు: బ్లాస్టింగ్‌కు ముందు మూడు నాలుగు చోట్ల, అదీ ఆకుల వెనక దాగినచోట, అరఅంగుళం ముక్క అన్ని పూతలతోసహా ఇనుముదాకా తీయించండి. భూతద్దం కింద అంచు చూస్తే మొదటి రంగేమిటో తెలుస్తుంది. బ్లాస్టింగ్ అయ్యాక ఆ ఆధారం మళ్ళీ దొరకదు. నల్లరంగు పాత ఆచారమనేది అపోహ. 18వ శతాబ్దపు ఇంగ్లండులో బూడిదరంగు, నీలం, ఆకుపచ్చ వాడుకలో ఉండేవి. ఇంగ్లండు తోటల రూపకర్త హంఫ్రీ రెప్టన్ తోటల కంచెలకు చెట్లలో కలిసిపోయే ముదురాకుపచ్చ సూచించాడు. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ చనిపోయాక సంతాపంగా అంతా నలుపు వేశారనే కథకు ఆధారం లేదు.

పాత పూతల్లో సీసం ఉంటుందనే అనుకోండి. పొడి ఉప్పుకాగితంతో రుద్దడం, బ్లోలాంపుతో కాల్చడం వద్దు. ఆ ధూళీ పొగా రెండూ విషమే, పార్కులో పిల్లలు తిరుగుతారు కూడా. తడిపి గీకాలి, కింద ప్లాస్టిక్ పరచి ఊడిందంతా మూటకట్టి విడిగా పంపాలి.

గట్టిగా పట్టుకుని ఉన్న రంగును, నగిషీ మునగనిచోట వదిలేయవచ్చు. లావు ఊచలకు తక్కువ ఒత్తిడితో సన్నని రాపిడిపొడి కొట్టవచ్చు. ఆకుల దగ్గరికి ఆ గొట్టం రానివ్వకండి. 1 మిల్లీమీటరు రేకు తుప్పుతో సగమై ఉంటుంది, బ్లాస్టింగ్‌కు చిల్లులు పడతాయి. సుత్తి గుర్తులు, ఇనుము పుట్టినప్పటి గట్టి నల్లపొర కూడా పోతాయి. ఆ నల్లపొర కొంతవరకు గేటును కాపాడుతున్నదే. యాసిడ్ తొట్టిలో ముంచడం అంతకన్నా చేటు. సందుల్లో చేరిన యాసిడ్ ఎంత కడిగినా పూర్తిగా రాదు, కొత్త రంగు కిందనుంచి పొంగుతుంది. వేడి జింకు తొట్టిలో ముంచాలన్నా ముందు యాసిడే కాబట్టి, దానికీ ఇదే జవాబు.

చేత్తో శుభ్రం చేసినచోట జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ రెండు పూతలు, పైన మైకేషియస్ ఐరన్ ఆక్సైడ్ (పలుకుల్లాంటి ఇనుప ఆక్సైడ్ కలిసిన రంగు) ఒకటి, చివర గ్లాస్ (మెరిసే) రంగు ఒకటి లేదా రెండు. ప్రతి పూతకు ముందు అంచులకూ రివెట్ తలలకూ విడిగా ఒక బ్రష్ చుట్టు వేయాలి. రంగు అంచు నుంచి వెనక్కి లాగేసుకుంటుంది, గేటు రంగు మొదట పోయేది అంచుల్లోనే. స్ప్రే కన్నా బ్రష్ నయం. స్ప్రే చుట్టల వెనకవైపు చేరదు. శుభ్రం చేసిన ఇనుము మీద నాలుగు గంటల్లోపు ప్రైమర్ పడాలి. గాలిలో తేమ 85 శాతం దాటితే ఆరోజు పని ఆపేయండి, ఇనుము మంచుబిందు ఉష్ణోగ్రతకన్నా (గాలిలో తేమ నీటిబిందువులుగా మారే వేడికన్నా) కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలి. కోస్తాలో తెల్లవారుజామున రంగు మొదలుపెట్టే అలవాటు ఈ లెక్కకు సరిపోదు. సముద్రం దగ్గరైతే ప్రైమర్‌కు ముందు మంచినీళ్ళతో ఉప్పు కడగడం తప్పనిసరి. లప్పంతో గుంటలు పూడ్చి నున్నగా చేయకండి, ఏడాదికి ఊడిపోతుంది.

ఎంత రంగు? పైన లెక్కగట్టిన రెక్కకు నగిషీతో కలిపి సుమారు 10 చదరపు మీటర్లు. రెండు రెక్కలకు 20. లీటరుకు 10 చదరపు మీటర్లు అనుకుంటే పూతకు 2 లీటర్లు, నాలుగు పూతలకు 8 లీటర్లు.

ప్రశ్న: బంగారు మొనలకు గోల్డ్ పెయింట్ వేశాం, ఏడాదికే గోధుమరంగుకు తిరిగింది. నిజమైన బంగారు రేకు వేయిస్తే ఖర్చు ఎంతవుతుంది?

జవాబు: గోల్డ్ పెయింట్‌లో ఉండేది రాగి–జింకు పొడి. రాగి గాలికి నల్లబడుతుంది.

ధర రోజుకొకలా ఉంటుంది, పరిమాణం చెప్తాం. 80 మిల్లీమీటర్ల చదరపు రేకులు పుస్తకానికి 25. కాగితం మీద 0.16 చదరపు మీటరు, కానీ ఒకదాని మీద ఒకటి ఎక్కించడం, చిరగడం పోగా 0.12 దక్కుతుంది. చదరపు మీటరుకు ఎనిమిది తొమ్మిది పుస్తకాలు. బయట వాడడానికి 23.5 లేదా 24 క్యారెట్లు, గాలికి ఎగరకుండా కాగితానికి అంటించి వచ్చే రకం తీసుకోండి. కింద పసుపుపచ్చ గ్లాస్ రంగు పూర్తిగా గట్టిపడాక, పన్నెండు గంటల ఆయిల్ సైజు (రేకును అంటించే నూనె జిగురు) సాయంత్రం పలచగా పూసి, మర్నాడు పొద్దున వేలి కణుపు ఆనించి చూడండి. చిన్న చప్పుడుతో విడిపోవాలి, వేలికి అంటకూడదు. అప్పుడు రేకు వేయండి. పైన వార్నిష్ వద్దు. బంగారానికి అక్కరలేదు, వార్నిష్ పొట్టులేచి దాన్ని కూడా లాక్కుపోతుంది. సరిగా చేసింది 20 ఏళ్ళు పైనే ఉంటుంది.

ప్రశ్న: కోనసముద్రం ఉక్కు, ఢిల్లీ స్తంభం ఉన్న దేశంలో తుప్పుపట్టని గేట్లు ఎందుకు చేయలేదు? (నిజామాబాద్ నుంచి)

జవాబు: ఆ రెండూ వేర్వేరు లోహాలు. మీ జిల్లా కోనసముద్రంలో మూసల్లో (మట్టి పాత్రల్లో) కరిగించి చేసింది అధిక కర్బనపు ఉక్కు. కత్తి అంచుకు అది కావాలి. గేటు చుట్టకు మెత్తదనం, కొలిమిలో అతికే గుణం కావాలి, ఆ ఉక్కుకు అవి లేవు. ఢిల్లీ స్తంభం చేత ఇనుమే, ముద్దలను కలిపి కొట్టినది. అందులో భాస్వరం దాదాపు 0.25 శాతం ఉండటం వల్ల పైన పలచని రక్షణ పొర కట్టింది, ఢిల్లీ పొడిగాలి కూడా తోడైంది. పైగా అది నున్నని గుండ్రని స్తంభం. దాన్నే ఆకులూ పట్టీలూ చేసి సముద్రం ఒడ్డున పెడితే సందుల్లో తుప్పు పట్టేది.

ప్రశ్న: ఇంగ్లండులో చాలా పార్కుల రాతిగట్ల మీద కోసేసిన ఇనుప మోళ్ళు వరసగా కనిపిస్తాయి. ఏమిటవి? మళ్ళీ కంచె పెట్టాలంటే ఆ గుంటలే వాడుకోవచ్చా?

జవాబు: రెండో ప్రపంచ యుద్ధంలో తుక్కు ఇనుము కోసం 1940 తర్వాత పార్కుల, ఇళ్ళ కంచెలు కోసుకుపోయినప్పుడు మిగిలిన మొదళ్ళవి. కళావిలువ ఉన్నవాటికి మినహాయింపు దొరికింది. మంచి గేట్లు మిగిలి పక్క కంచెలు లేకపోవడం అందువల్లే.

గుంటలు వాడుకోవచ్చు. మోడును బిగించడానికి అప్పట్లో చుట్టూ పోసిన సీసాన్ని సన్న డ్రిల్లుతో చుట్టూతా తొలిచి, మోడును ఆడించి పైకి లాగాలి. మంటతో సీసం కరిగించబోతే రాయి పగులుతుంది. కొత్త ఊచను గుంట మధ్యలో చెక్కమేకులతో నిలబెట్టి, నోటి చుట్టూ బంకమట్టితో గట్టు కట్టి, సీసం ఆగకుండా ఒకేసారి పోయాలి. గుంటలో కాస్త తడి ఉన్నా 327 డిగ్రీలకు పైన ఉన్న సీసం తాకగానే ఆవిరై పైకి చిమ్ముతుంది, కాబట్టి ముందురోజు నుంచి కప్పిపెట్టి, వేడిగాలితో ఆరబెట్టి, ముఖానికి తొడుగు వేసుకున్నాకే పోయండి. సీసం చల్లారుతూ కుంచించుకుంటుంది. మొద్దు ఉలితో చుట్టూ కొట్టి బిగించాలి, పైభాగం రాతికన్నా కాస్త ఎత్తుగా, ఊచనుంచి బయటికి వాలుగా ఉంచాలి.